ముళ్లకాయ తీసిన కుర్చీ

గురువారం ఉదయం 10.20. ఆష్‌కూంబ్ హాల్ లైబ్రరీలో నోరిస్ టాప్లీ బోర్లా పడి ఉన్నాడు.

తల వెనక భాగం లోపలికి కుంగిపోయింది. పక్కనే నిప్పు ఎగదోసే ఇనుప ఊచ. నెత్తురు తివాచీలో ఇంకి నల్లబడుతోంది. పొయ్యి మీది చలువరాతి గట్టు నిండా చిన్న చిన్న చుక్కలు.

"ఏడు దెబ్బలు. మొదటి దెబ్బకే పడిపోయాడు," అన్నాడు డాక్టరు. "మిగతా ఆరూ పడ్డాక కొట్టినవే. తొమ్మిదికీ తొమ్మిదిన్నరకీ మధ్య."

ఇన్‌స్పెక్టర్ మాడ్ పెటిఫర్ ఊచను చూసింది. పిడి శుభ్రంగా తుడిచేశారు.

టాప్లీకి అరవై మూడేళ్లు. సందర్శకులకు ఆ గది చూపించడం పంతొమ్మిదేళ్లుగా అతని పని. రోజూ తొమ్మిదింటికి వచ్చి కిటికీ తలుపులు తీసేవాడు. ఇవాళ అవి సగమే తెరిచి ఉన్నాయి.

శవాన్ని మొదట చూసినవాడు తోటమాలి లెన్ క్రౌచ్. పూలు తెచ్చి, టాప్లీ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడట. మోచేతుల దాకా నెత్తురు. ఆరేళ్ల కిందట ఒకడి దవడ విరగ్గొట్టి జైలుకు వెళ్లొచ్చాడు. పోయిన వారమే బూట్ల బురద గురించి టాప్లీతో గొడవపడ్డాడు.

సూపరింటెండెంట్ ఫోన్‌లో తేల్చేశాడు. పన్నెండింటికి వ్యాన్ పంపుతాడు. క్రౌచ్‌ను ఎక్కించాలి.

క్రౌచ్ వంటింట్లో బల్ల దగ్గర చేతులు చాపుకుని కూర్చున్నాడు. అతని ముందు టీ చల్లారిపోయింది.

"నువ్వు కొట్టావా?"

"లేదు మేడమ్."

"మరి వెంటనే ఎవరినీ పిలవలేదేం?"

"ఇంకా ఊపిరుంది. వదిలేసి ఎలా పోను?"

ఇల్లు చూసుకునే ఈడిత్ గార్‌సైడ్ గిన్నెలు తుడుస్తూనే మాట్లాడింది. ఇంటి తాళాలన్నీ ఆమె నడుముకే వేలాడుతున్నాయి. ఈ ఇంట్లోకి పనికి రాకముందు క్రౌచ్‌కు పని ఇచ్చినవాళ్లే లేరట. టాప్లీయే ఇంటి దొర సర్ జెర్వేస్‌గారితో చెప్పి పెట్టించాడట. "వీణ్ణి మళ్లీ లోపలేస్తే వీడింక మనిషి కాడు," అంది, వెనక్కి తిరగకుండానే.

మాడ్ మళ్లీ లైబ్రరీకి వచ్చింది. 10.50.

పొయ్యికి అటూ ఇటూ ఎర్ర మఖ్మల్ కుర్చీలు రెండు. ఎడమ కుర్చీలో ఎండిన ముళ్లకాయ ఒకటి, కాడతో సహా. ఇలాంటి ఇళ్లలో అది మామూలే. కూర్చోవద్దని సందర్శకుడికి నోటితో చెప్పకుండా చెప్పే పద్ధతి. కుడి కుర్చీలో కాయ లేదు. గట్టు మీద ఉంది.

గ్లవ్ వేసుకుని దాన్ని ఎత్తింది. కాయ మీద నెత్తురు చుక్కలు. కింద రాయి తెల్లగా, ఒక్క మరక లేకుండా ఉంది.

ఈడిత్‌ను పిలిచింది.

"ఈ కాయ మీరు తీశారా?"

"సోమవారం కుర్చీలు బ్రష్ చేస్తాను. అప్పుడు నా ఏప్రన్ జేబులో వేసుకుంటాను. గట్టు మీద పెట్టను. రాయి గీసుకుపోతుంది."

"టాప్లీ?"

"కింద పడ్డ పెన్ను తీసుకోవడానికి కూడా ఆ కుర్చీ మీద చెయ్యి ఆనించని మనిషమ్మా ఆయన."

టాప్లీ కోటు జేబులో ఒక టికెట్ దొరికింది. ఆరు మైళ్ల అవతల పాడుబడ్డ మఠం, దాని మ్యూజియం. ఆదివారం తేదీ. వెనక పెన్సిల్‌తో రాసి ఉంది: 'బంగారు పెట్టె ఇక్కడుంది. మరి మా లైబ్రరీలోది ఏమిటి? దొరగారిని అడగాలి.' మాడ్ తలెత్తి చూసింది; లైబ్రరీ అద్దాల బీరువాలో బంగారు పెట్టె ఒకటి మెరుస్తూనే ఉంది.

11.30. అందరినీ లైబ్రరీకి రమ్మంది. శవాన్ని అప్పటికే తీసుకెళ్లారు. తివాచీ మీద మరక మాత్రం ఉంది.

సర్ జెర్వేస్ ఆష్‌కూంబ్ చివర వచ్చాడు. తాత ఇంటిని ట్రస్టుకు రాసిచ్చినా, పడమటి వైపు గదులు ఆయనవే. బొటనవేలికి ప్లాస్టర్ వేసుకున్నాడు.

"ఏమైంది సర్?"

"గడ్డం గీసుకుంటుంటే తెగింది. ఎంతసేపు? క్రిస్మస్ తర్వాత ఈ గదిలో అడుగుపెట్టలేదు నేను. నాకేం తెలుస్తుంది?"

"రెండు నిమిషాలు. అందరూ కూర్చోండి."

ఈడిత్ కదల్లేదు. క్రౌచ్ చుట్టూ చూసి, తలుపు పక్కనున్న చెక్క స్టూలు మీద కూర్చున్నాడు. టాప్లీ కూర్చునే స్టూలు అది.

సర్ జెర్వేస్ ఎడమ మఖ్మల్ కుర్చీ దగ్గరికి నడిచాడు. ముళ్లకాయ తీసి గట్టు మీద పెట్టాడు. కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

మాడ్ కుడి కుర్చీ వైపు చూపించింది.

"కుడివైపు కాయ కూడా ఇలాగే గట్టు మీదికి చేరింది," అంది మాడ్. "దాని కింద నెత్తురు లేదు. అంటే మొదటి దెబ్బకు ముందే తీశారు. ఎవరో ఆ కుర్చీలో కూర్చుని టాప్లీ కోసం ఎదురుచూశారు. ఈ ఇంట్లో పనిచేసేవాళ్లెవరూ కూర్చోరు. దొంగకు కూర్చునే తీరిక లేదు. కుర్చీ తనదే అనుకునే మనిషి కూర్చుంటాడు. ట్రస్టుదైన అసలు పెట్టెను మీరే అమ్మి, ఇక్కడ నకిలీది పెట్టారు. అది ఆయన కనిపెట్టాడు. ప్లాస్టర్ విప్పండి సర్. ముల్లు ఇంకా ఉందేమో చూద్దాం."

సర్ జెర్వేస్ చెయ్యి ప్లాస్టర్ మీదికి పోలేదు. పొయ్యి పక్కనున్న ఇనుప పార మీదికి పోయింది.

మొదటి దెబ్బకు మాడ్ ముంజేయి విరిగింది. ఆ చప్పుడు ఆమెకే వినిపించింది. రెండోది తల మీదికి వస్తుండగా క్రౌచ్ మధ్యలో దూరాడు. పార అంచు అతని నుదురు చీల్చింది. అయినా వదల్లేదు. ఇద్దరూ తివాచీ మరక మీద పడ్డారు. తలుపు దగ్గరున్న కానిస్టేబుల్ వచ్చి సర్ జెర్వేస్‌ను మోకాలితో అణిచి బేడీలు వేశాక గానీ క్రౌచ్ చేతులు సడలలేదు.

ప్లాస్టర్ ఊడిపోయింది. వాచిన వేలిలో నల్లటి ముళ్ల మొనలు రెండు.

పన్నెండింటికి వ్యాన్ వచ్చింది. సర్ జెర్వేస్‌ను ఎక్కించుకుని పోయింది.

క్రౌచ్ గోడకు ఆనుకుని జారిపోతున్నాడు. నెత్తురు కళ్లలోకి కారుతోంది. ఈడిత్ అతని చంకలో చెయ్యి వేసి లేవదీసింది. మఖ్మల్ కుర్చీ దాకా నడిపించింది.

"వద్దమ్మా," అన్నాడతను. "మరకవుతుంది."

"సోమవారం బ్రష్ చేస్తాలే. కూర్చో."