నాలుగింటిదాకా కొట్టుకున్న గుండె

“సచ్చిపోయినంక గుండె కొట్టుకుంటదా మేడమ్?”

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర, మందుల దుకాణం పైన ఉన్న చిన్న ఆఫీసులోకి వచ్చి కూర్చున్న హారిక అడిగిన మొదటి మాట అది. ప్రైవేటు డిటెక్టివ్ శోభ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆమె సహాయకుడు ఎల్లస్వామి మాత్రం అలవాటుకొద్దీ ఫోన్ తీశాడు. యాభై దాటాక ఫోన్ మోజులో పడిన మనిషి. వాన పడుతోందో లేదో కూడా కిటికీ తెరిచి చూడడు, ఫోన్‌లో చూస్తాడు.

“అది లోపల పెట్టు ఎల్లస్వామన్నా. ఆమెను చెప్పనియ్యి” అంది శోభ.

హారిక తండ్రి చంద్రయ్యది పోచంపల్లి. చిటికి కట్టడంలో, అంటే రంగులో ముంచే ముందు నూలుకు ముడులు వేయడంలో, ఆయనకు ఆయనే సాటి. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే హారిక ఆయన చేతికి సిమ్ ఉన్న స్మార్ట్ వాచ్ కట్టింది. గుండె ఎంత కొట్టుకుంటోందో, ఎన్ని అడుగులు పడ్డాయో ఎప్పటికప్పుడు ఆమె ఫోన్‌లో కనిపించేవి. నిన్న సాయంత్రం నాలుగు గంటల రెండు నిమిషాలకు ఆ గుండె ఆగింది.

“నాలుగుంబావుకు మా మేనత్త కొడుకు కమలాకర్ పోయి చూసిండు. ఆయన లొల్లి పెడితే ఎదురింటి నర్సింగమ్మవ్వ మోకాళ్ల నొప్పులతోనే మెల్లగ పోయింది. బాపు మంచం మీద ఉన్నడు, తల ఎనక దెబ్బ. చెయ్యి పట్టుకుంటే సల్లగ, కట్టె లెక్క బిగుసుకపోయిందంట. పదమూడు నిమిషాల్ల మనిషి కట్టె అయితడా మేడమ్? ఊర్లె ఏమంటున్నరో ఎరికేనా? బాపు పానం ఎప్పుడో పోయిందంట. ఆయన పెయిల ఇంకేదో కూసోని నాలుగింటిదాకా గుండె కొట్టిందంట.”

ఎల్లస్వామికి ఒళ్లు జలదరించింది.

“పోలీసులేమన్నరు?” అడిగింది శోభ.

“మా తమ్ముడు సాయిని పట్టుకపోయిన్రు. నాలుగింటికి ఇంట్లకు పోయింది వాడొక్కడేనంట. బాపు గోడ దిక్కు తిరిగి పండుకుంటే నిద్రపోతున్నడనుకున్న, బండి తాళంచెవి తీస్కొని వచ్చిన అని వాడు మొత్తుకుంటాండు. ఎస్సై ఇనడు. మిషన్ అబద్ధం చెప్పదంటడు. రేపు పొద్దుగాల కోర్టుకు తీస్కపోతరు. బాపు పోయిండు, తమ్ముడు కూడ పోతే నాకెవరున్నరు మేడమ్?”

మధ్యాహ్నానికి ముగ్గురూ పోచంపల్లి చేరారు. చంద్రయ్య గదిలో సగం ముడులు వేసిన నూలు ఆసు చట్రం మీద అలాగే ఉంది. ఎవరో లేచి వెళ్లి ఇప్పుడే వస్తారన్నట్టుంది. చుట్టుపక్కల ఇళ్లలో మగ్గాలు ఆడుతున్నాయి. ఆ చప్పుడు గోడల్లోంచి ఒకే తీరుగా వస్తుంటే, ఇంటికే గుండె ఉన్నట్టనిపించి ఎల్లస్వామి గుమ్మం దాటి బయట నిలబడ్డాడు. ధైర్యం కోసం హారిక ఫోన్‌లోని లెక్కలు చదవడం మొదలుపెట్టాడు.

“పన్నెండూ నలభైకి అయిదు నిమిషాలు ఏం లేదు మేడమ్. వాచ్ తీసి మొఖం కడుక్కున్నడేమో. అప్పటిదాక అరవై నాలుగు కొట్టుకున్న గుండె, ఆ తర్వాత తొంభై. ఒంటిగంట నుంచి నాలుగు దాక ఆరు వేల అడుగులు! రెండూ ఇరవై నుంచి రెండూ నలభై దాక మాత్రం ఒక్కటి లేదు, జర ఒరిగిండేమో. పెద్దాయన మంచిగనే నడిచిండు. నాకే చాతకాదు.”

శోభ గోడకు ఆనించిన చేతికర్రను చూసింది.

ఎదురింటి అరుగు మీద నర్సింగమ్మ నూలు కండెలు చుడుతోంది.

“అవ్వా, నిన్న ఈ ఇంటికి ఎవరెవరు వచ్చిన్రు?”

“పన్నెండున్నరకు కమలాకర్ వచ్చిండు బిడ్డా. మామా అల్లుండ్లు గట్టిగనే మాట్లాడుకున్నరు. మగ్గాల చప్పుట్ల మాటలు ఇనరాలె. కొద్దిసేపటికి పోయిండు. మల్ల నాలుగింటికి సాయిగాడు.”

“నడుమల చంద్రయ్య బయటికి వచ్చిండా?”

“యాడ వస్తడు? కర్ర లేంది కాలు తీసి పెట్టలేడు.”

“ఈ మాట పోలీసులకు చెప్పినవా?”

“చెప్పిన. నాలుగింటిదాక పానం ఉన్నదని గడియారం చెప్పంగ పన్నెండింటి ముచ్చటెందుకు ముసల్దానా అన్నరు.”

రెండు వీధుల అవతల, కమలాకర్ నేసే చేనేత సొసైటీ షెడ్డు. అక్కడ మల్లన్న అనే నేతగాడు చెప్పాడు: “కమలాకర్ ఒంటిగంట నుంచి నాలుగు దాక నా పక్క మగ్గం మీదనే ఉన్నడు. మేమందరం బనీన్ల మీద చెమటలు కక్కుతుంటే ఆయన ఫుల్ షర్టు ఇడువలే, చలి పెడుతుందన్నడు. నడుమ పోగులు తెగితే నేనే కూసోని అతికిచ్చిన. చాయ్ వచ్చిన యాళ్ల, రెండున్నర అట్ల. రేపు నేత పోటీ కమిటీ వస్తది, ఆయన చీర చూడనీకి.”

“ఆ చీరకు చిటికి కట్టిందెవరు?”

మల్లన్న గొంతు తగ్గించాడు. “చెయ్యి చూస్తే ఎరుకైతది కదమ్మా. చంద్రయ్యది. పేరు మాత్రం కమలాకర్‌ది.”

ఎస్సైని ఒప్పించడానికి గంట పట్టింది. సాయంత్రం షెడ్డులో అందరూ చేరారు. ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య సాయి తల వంచుకుని నిలబడ్డాడు. దవాఖాన నుంచి డాక్టర్ మెర్సీ వచ్చింది.

“డాక్టర్ గారూ, నిన్న మీరు శవాన్ని ఎప్పుడు చూశారు?” అడిగింది శోభ.

“ఆరింటికి. దవడ, మెడ, చేతులు బిగిసి ఉన్నాయి. చనిపోయి అయిదారు గంటలైందనుకున్నాను. వాచ్ నాలుగు అంటోందని చెప్పారు. నేనే పొరబడ్డానేమోనని నాలుగే రాశాను.” ఆమె గొంతు సన్నగా ఉంది. చదివిన చదువు కంటే గడియారాన్ని ఎక్కువ నమ్మినందుకు సిగ్గుపడుతోంది.

శోభ ఎల్లస్వామి చేతికున్న స్మార్ట్ వాచ్ విప్పించి కమలాకర్ వైపు చాచింది. “ఇది కట్టుకుని రెండు నిమిషాలు నెయ్యండి.”

కమలాకర్ కదల్లేదు. మల్లన్నే దాన్ని ఎడమచేతికి కట్టుకుని గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. కుడిచేత్తో తాడు లాగుతూ ఎడమచేత్తో పలకను, అంటే పోగును దగ్గరికి నెట్టే చట్రాన్ని, కొట్టాడు. ఎల్లస్వామి ఫోన్ చూసి నోరెళ్లబెట్టాడు. కూర్చున్న మనిషి నూరు అడుగులు నడిచాడు.

“పలక కొట్టిన ప్రతిసారీ వాచ్ ఒక అడుగు లెక్కేస్తుంది” అంది శోభ. “కాలు పడిపోయిన మనిషి మూడు గంటల్లో ఆరు వేల అడుగులు ఎలా నడిచాడని ఒక్కరూ అడగలేదు. నడవలేదు. ఆ వాచ్ కట్టుకుని ఎవరో నేశారు. రెండూ ఇరవైకి పోగులు తెగాయి, ఇరవై నిమిషాలు మగ్గం ఆగింది, అడుగులూ ఆగాయి. పన్నెండూ నలభైకి ఆ వాచ్ చచ్చిన చేతి నుంచి బతికున్న చేతికి మారింది, గుండె వేగమూ మారింది. ఫుల్ షర్టు దాన్ని దాచింది. నాలుగింటికి కమలాకర్ దాన్ని ఇక్కడే, పది మంది ఉండగానే, చొక్కా చేతి కింద విప్పి జేబులో వేసుకున్నారు. ఊరు దాటలేదు కనుక వాచ్ పోచంపల్లి అనే చూపింది. నర్సింగమ్మవ్వ మోకాళ్ల నొప్పులతో వీధి దాటేలోపు తిరిగి మామ చేతికి కట్టేశారు. సాయి ఆ సమయానికి రావడం కమలాకర్ కూడా అనుకోని సంగతి. పోలీసులు సాయిని పట్టుకెళ్తుంటే మాత్రం నోరు విప్పలేదు.”

ఎస్సై కమలాకర్ చొక్కా చేతిని పైకి మడిచాడు. కమలాకర్ చేయి వెనక్కి లాక్కున్నాడు.

“సంపాలని పోలే సార్” అన్నాడు కమలాకర్. “‘ఆ చీరకు చిటికి కట్టింది నేనే అని కమిటీకి చెప్త’ అన్నడు మామ. ఒక్కసారి తోసిన. ఆసు గుంజకు తల తాకింది. లేపితే లేవలే. మంచం మీద పండవెట్టిన. గా వాచ్ మెరుసుకుంట కనబడ్డది.”

సాయి అక్క వైపు రెండడుగులు వేశాడు. కానిస్టేబుల్ ఆపలేదు. హారిక తమ్ముడి చేయి పట్టుకుంది కానీ చూపు కమలాకర్ మీదే ఉంది.

“రెండింటికి బాపుకు ఫోన్ చేద్దామనుకున్న బావా. ఫోన్ తీసి చూస్తే గుండె మంచిగ కొట్టుకుంటాంది. బాగనే ఉన్నడు, ఇగ ఫోనెందుకు అనుకున్న. మల్ల మూడింటికి చూసిన. ఆఫీసుల పక్కామెకు కూడ చూపించి, చూడు మా బాపు ఇయ్యాల ఎంత హుషారుగున్నడో అని సంబురపడ్డ.”

ఆమె తన ఫోన్ తెరను కమలాకర్ వైపు తిప్పింది.

“నేను చూసుకుంట మురిసింది నీ గుండెనా బావా?”