నోటికి తెలియని ముఖం

ఆ పూట షావుకారు చేతిలో ఉన్న సరుకు ఇంతే: తాళం వేసిన ఒక గది, అందులో ఒక దర్జీ, ఆ దర్జీకి ఏమీ తెలియదని చెప్పే లై డిటెక్టర్ రిపోర్టు. ఇంత పనికిరాని సరుకుతో అతను ఎన్నడూ దుకాణం తెరవలేదు.

షావుకారు డిపార్ట్‌మెంట్‌లో సీనియర్ ఏజెంటు. పాత ఫర్నిచర్ కొట్టు మాటున ఏళ్ల తరబడి గూఢచర్యం నడిపాడు కనుక ఆ పేరు అతుక్కుపోయింది. అతని చీఫ్ స్వయానా మామగారు. అందువల్ల ఆఫీసు తిట్లూ ఇంటి తిట్లూ ఒకే కౌంటర్లో అందేవి.

"సాయంత్రానికి వాణ్ణి వదిలెయ్యాలి అల్లుడూ. కోర్టు ఆర్డరు."

"వదిలితే వదిన ప్రాణం పోతుంది మామయ్యా."

'వదిన' కోడ్ నేమ్. మన ఊళ్లోని శత్రుదేశపు ట్రేడ్ ఆఫీసులో కూర్చుని మనకు సమాచారం పంపే సోర్సు. అసలు మనిషెవరో చీఫ్‌కు తప్ప మరొకరికి తెలియదు. అలాంటి సోర్సులు ఇద్దరు ఇదివరకే హత్యకు గురయ్యారు. రెండు హత్యలకు ముందూ ఈ దర్జీ సరిహద్దు దాటి వచ్చాడు. రెండుసార్లూ పట్టుకున్నారు. రెండుసార్లూ మెషిన్ వాణ్ణి సత్యవంతుడంది. వదిలేశారు. ఇప్పుడు వాడు మూడోసారి వచ్చాడు.

"మన డాక్టర్ కూడా చూసింది. వాడి బుర్ర ఖాళీ అంటోంది. ఆవిడకంటే నీకెక్కువ తెలుసా?" చీఫ్ గొంతు లేచింది. "మా అమ్మాయి ఏడుపు చూడలేక నీకీ ఉద్యోగం ఇచ్చాను. నాది బుద్ధి తక్కువ."

"మీ అమ్మాయి ఏడ్చింది మీతో వేగలేక మామయ్యా," అంటూ షావుకారు లేచాడు.

ఇంటరాగేషన్ గదిలో దర్జీ చొక్కా తొడుక్కుంటున్నాడు. కుడిచెయ్యి గుండీ పెడుతోంది. వెనకే ఎడమచెయ్యి వచ్చి ఆ గుండీ విప్పుతోంది. దర్జీ విసుక్కుంటూ కుడిచేత్తో ఎడమచేతి మీద ఒక్కటి వేశాడు.

"ఏమిటయ్యా అది?"

"గుండీ వదులుగా ఉంది. సరి చేస్తున్నా," అన్నాడు దర్జీ తడుముకోకుండా.

గుండీ గట్టిగానే ఉంది. అడిగిందే తడవుగా కారణం చెప్పేవాడు ఆ కారణాన్ని అప్పటికప్పుడు తయారు చేస్తాడని బజారులో షావుకారు నేర్చుకున్న పాఠం. అతను దర్జీ జుట్టు వెనక్కి దువ్వి చూశాడు. నడినెత్తి మీద పాత కుట్టు మచ్చ ఉంది.

డాక్టర్‌ని పిలిపించాడు. సిల్కు గౌను, ఎర్రరాయి చెవిరింగులు, గది నిండా పరచుకునే సెంటు. ఆమె డబుల్ ఏజెంటు. శత్రువుల రహస్యాలు మనకు అమ్ముతోందని చీఫ్ నమ్మకం. రెండు కొట్లకు సరుకు వేసేవాళ్లు ఏదో ఒక కొట్లో తూకం కొడతారని షావుకారు అనుభవం.

"ఈ మచ్చ రిపోర్టులో రాయలేదేం మేడమ్?"

"మూర్ఛలకు ఆపరేషన్. మెదడు రెండు సగాల మధ్య ఉండే వంతెన కోసేశారు. అయితే ఏంటి?"

"అయితే ఏంటో మీరే చెప్పండి. మాది ఫర్నిచర్ బుర్ర."

ఆమె పళ్లు బిగించింది. "మాట, లెక్క, కుడిచెయ్యి ఎక్కువగా ఎడమ సగం పని. ముఖాలు గుర్తుపట్టడం, ఎడమచెయ్యి ఎక్కువగా కుడి సగం పని. వంతెన లేకపోతే ఒకదాని సంగతి ఇంకోదానికి అందదు. నోరున్నది ఎడమ సగానికే. దానికేమీ తెలియదు. మీ మెషినే చెప్పిందిగా!"

"మనం అడిగింది నోటినే కదా మేడమ్. రెండో ఆయన్ని ఎవరూ అడగలేదు."

లెక్క తేలిపోయింది. నోరు విప్పితే రహస్యం పోతుందని శత్రువులు నోటికి తెలియని చోట రహస్యం దాచారు. చంపవలసిన మనిషి ఫొటోను దర్జీ చూపుకు ఎడమ పక్కన క్షణం మెరిపించారు. అది తిన్నగా కుడి సగానికి వెళ్లింది. ఇక్కడ విడుదలయ్యాక ఎవరో ఫొటోలు పరుస్తారు. ఎడమచెయ్యి ఒకటి చూపిస్తుంది. ఆ 'ఎవరో' ఎవరన్నదే మిగిలింది.

షావుకారు ప్రొజెక్టర్ తెప్పించాడు. ట్రేడ్ ఆఫీసు ఉద్యోగుల ఫొటోలు స్లైడ్లుగా పెట్టాడు. వాటి మధ్య పియానోల వ్యాపారి ఫొటో కూడా కలిపాడు. ఆ వ్యాపారే ఊళ్లో శత్రువుల గూఢచారి రింగుకు నాయకుడని డిపార్ట్‌మెంట్‌కు తెలుసు, రుజువే లేదు. రింగులో ఒకరి ముఖం ఒకరికి తెలియనివ్వరు. ఫోన్లో గొంతు తప్ప నాయకుణ్ణి ఎవరూ చూడలేదు.

ప్రొజెక్టర్ నడపడానికి డాక్టర్, గోడవారగా చీఫ్. షావుకారు దర్జీ పక్కన కూర్చుని, వాడి ఎడమచెయ్యి అందుకుని, పైన తువ్వాలు కప్పాడు.

"ఏమిటీ వేషాలు?" అంది డాక్టర్.

"పశువుల సంతలో బేరం ఇలాగే మేడమ్. చేతులు తువ్వాలు కింద మాట్లాడుకుంటాయి. పక్కవాడికి ధర తెలియదు." దర్జీ వైపు వంగాడు. "ఇదిగో, ఎడమచేతి పెద్దమనిషీ! నీతోనే. నిన్ను విడగొట్టినవాళ్లు నీ చేతే హత్యలు చేయిస్తున్నారు. తెలిసిన ముఖం వస్తే నా వేలు నొక్కు."

"ఎవడితో మాట్లాడుతున్నావురా పిచ్చోడా?" అరిచాడు దర్జీ.

"నీతో కాదులే. నువ్వు చుక్క వైపు చూడు."

తెర మధ్య చుక్క. ఎడమ పక్కన ముఖాలు మెరిసి మాయమవుతున్నాయి.

"ఏం కనిపించింది?"

"ఏమీ లేదు."

"ఇప్పుడు?"

"లేదన్నానా! చెవుడా?"

ట్రేడ్ ఆఫీసు బట్టతల లిఫ్ట్‌మన్ ముఖం మెరిసింది. నోరు "ఏమీ లేదు" అంటూనే ఉంది. తువ్వాలు కింద వేలు విరిగేంత పట్టు. గోడవారగా చీఫ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. వదిన అంటే ఆ బట్టతలాయనే!

షావుకారు ముఖం చిట్లించలేదు. చివరి స్లైడ్ అయ్యేదాకా ఆగాడు.

"ఏ ఫొటోకి నొక్కాడు?" డాక్టర్ ముందుకు వంగింది.

ఇందాకటిదాకా ఖాళీ అన్న బుర్రలోంచి ఏం వచ్చిందో తెలుసుకోవడానికి ఎంత ఆత్రం! షావుకారుకు ఆ 'ఎవరో' దొరికింది.

"బూడిదరంగు కోటు, తెల్ల గడ్డం," అన్నాడు. అది పియానోల వ్యాపారి ఫొటో.

చీఫ్ బల్ల దగ్గరకొచ్చి నోరు తెరవబోయాడు. అల్లుడు బల్ల కింద ఆయన కాలు తొక్కాడు. పెళ్లయిన నాటి నుంచీ దాచుకున్న కసి అంతా అందులో ఉంది.

డాక్టర్ అలవాటుగా చెవిరింగు సవరించుకుంది. అది ట్రాన్స్‌మిటర్ అని పక్కగదిలో షావుకారు కూర్చోబెట్టిన రేడియో ఆపరేటర్ వెంటనే పట్టేశాడు. కోటు, గడ్డం కబురు హంతకుడికి చేరనిచ్చాకే, వాకిట్లో ఆమె చేతులకు బేడీలు పడ్డాయి. లిఫ్ట్‌మన్‌ను కుటుంబంతో సహా వ్యానెక్కించారు.

ట్రేడ్ ఆఫీసు ఎదుటి హోటల్ లాబీలో పియానోల వ్యాపారి కాఫీ కలుపుకుంటున్నాడు. గోడకు రంగులేస్తున్న పెయింటర్లు నిచ్చెన మీది నుంచి చూస్తున్నారు. స్తంభం వెనకనుంచి వచ్చిన హంతకుడు సైలెన్సర్ గొట్టం ఎత్తాడు.

వ్యాపారి చేతిలో కప్పు జారింది. "ఆగరా వెధవా! నేనురా! నీకు జీతం ఇచ్చేది నేనే!"

హంతకుడి వేలు ట్రిగ్గర్ మీద ఆగింది. పెయింటర్ల వేషంలో ఉన్న డిపార్ట్‌మెంట్ మనుషులు ఇద్దరి మీదా దూకారు. ఏళ్ల తరబడి దొరకని రుజువు వ్యాపారి తన నోటితోనే, వాళ్ల టేప్ రికార్డర్ వినేలా ఇచ్చేశాడు.

షావుకారు తిరిగి వచ్చేసరికి దర్జీ బండబూతులు తిడుతున్నాడు. కుడిచేత్తో అతని కాలరు పట్టుకున్నాడు. ఎడమచెయ్యి మాత్రం వచ్చి మళ్లీ అతని వేలు పట్టుకుంది. వదలలేదు.

చీఫ్ కుంటుకుంటూ వచ్చాడు. "లెక్క చెప్పు."

"వదిన బతికాడు. రింగు నాయకుడు, హంతకుడు, డాక్టర్ మన కస్టడీలో."

"ఈ తిట్లపురాణం సంగతేంటి?"

"వీడు సగమే మనవైపు వచ్చాడు మామయ్యా."

"సగం మనిషిని ఏం చేసుకుంటాం?"

షావుకారు మెడ మీది చేతిని విడిపించుకున్నాడు. "వచ్చింది మాట్లాడని సగం. మన డిపార్ట్‌మెంట్‌లో పూర్తి మనుషులకంటే అదే నయం."