చివరి ముడికి పట్టిన టైము

మా కొట్టుకొచ్చి గంటసేపు నిలబడి, ఒక్క జాకెట్ ముక్క కూడా బేరమాడని మనిషిని నేను అంతవరకూ చూడలేదు. అందుకే ఆమెను చూశాను.

ఒక చేతిలో స్టాప్‌వాచ్, ఇంకో చేతిలో అట్టకు బిగించిన కాగితం. నేను మూటకు ముడి వేయగానే టక్కున నొక్కి ఏదో రాసుకుంటోంది. టాక్సు వాళ్ళు కొత్త మనిషిని పంపారేమోనని అనుమానం వచ్చింది.

"ఏం కావాలండీ?"

"మీరేనండీ."

తాడు చేతిలోంచి జారింది.

"అంటే, మీ పని. నా పేరు వినీల, ఎంబీఏ సెకండియర్, ఆపరేషన్స్. ప్రాజెక్టుకి మీ నాన్నగారు పర్మిషన్ ఇచ్చారు. మీరు కానివ్వండి, నేను లేననుకోండి."

అదెలా అనుకోవాలో మాత్రం చెప్పలేదు.

మాది విజయవాడలో చీరల హోల్‌సేల్ కొట్టు. ఉయ్యూరు, మైలవరం వర్తకులు పొద్దున్నే వచ్చి, సరుకు ఎంచుకుని, మధ్యాహ్నం బస్సుకు మూటలతో వెళ్తారు. మూట ఎవరు కట్టినా చివరి ముడి మాత్రం ఇంటివాళ్ళ చెయ్యే వేయాలి. తాతగారి నాటి ఆనవాయితీ. సరుకు చూశాం, పూచీ మాది అని దాని అర్థం. నాన్న వేళ్ళకు కీళ్ళనొప్పులు వచ్చాక ఆ పని నా మీద పడింది.

"పనివాళ్ళు ఏడుగురు చకచకా తెచ్చి పడేస్తున్నారు, అన్నీ మీ ముందు క్యూ కడుతున్నాయి," అంది రెండో రోజు. "మా పుస్తకాల్లో మిమ్మల్ని బాటిల్‌నెక్ అంటారండీ."

"సీసా మెడా? ఇంతవరకూ నన్నెవరూ అలా తిట్టలేదు."

"తిట్టు కాదండీ బాబూ! కొట్టంతా ఎంత పరిగెత్తినా, చివరికి మీరెంత స్పీడో అంతే స్పీడు."

సాయం చేద్దామని తాడు పట్టుకోబోయింది. గల్లా దగ్గర్నుంచి నాన్న కేకేశారు. "వద్దమ్మా! అది ఇంటివాళ్ళే వేయాలి."

"ఈ చదువు ఎందుకు పట్టుకున్నారండీ?" అనడిగాను.

"మా నాన్నగారిది ఉయ్యూరు షుగర్ ఫ్యాక్టరీలో ఉద్యోగం. చెరకు బళ్ళు గేటు బయట గంటల తరబడి నిలబడేవి. ఎందుకని ఎవర్నడిగినా, అది అంతేలే అనేవారు. అది ఎందుకంతేనో తెలుసుకుందామని."

ఆ రోజే నేనో లెక్క వేశాను. మూటలు ఎంత తొందరగా తెమిలితే ఆమె అంత తొందరగా వెళ్ళిపోతుంది. మర్నాటి నుంచి ముడి వేసి, నచ్చనట్టు విప్పి, మళ్ళీ వేయసాగాను.

"మూట కడతన్నావా, జడల్లుతున్నావా?" అని మైలవరం చౌడేశ్వరమ్మగారు గోల. "నా బస్సెళ్ళిపోద్ది బాబూ!"

వెళ్ళిపోయింది కూడా.

పన్నెండు రోజుల తర్వాత వినీల రావడం మానేసింది. కొట్టు మళ్ళీ పరుగు అందుకుంది. నాకు మాత్రం ఏదీ తెమలలేదు. వారానికి, జోరువానలో, గొడుగైనా ముడవకుండా లోపలికొచ్చింది.

"మీరు నా ప్రాజెక్టు ముంచారండీ!"

కాలేజీలో ఆమె ప్రాజెక్టు గైడుకు అంకెల మీద అనుమానమొచ్చి, ఆమె లేని రోజు ఇంకో స్టూడెంటును కొనేవాడిలా పంపి కొలిపించారట. ఆమె కాగితంలో ముడికి నాలుగు నిమిషాలు. అతనికి యాభై సెకన్లు.

"ఇంట్లో కూర్చుని కల్పించానన్నారు. రేపటికల్లా కారణం చూపించకపోతే ప్రాజెక్టు కొట్టేస్తారు, ఏడాది పోద్ది. నేనున్నప్పుడే అంత టైమెందుకు పట్టింది? నిజం చెప్పండి."

సరుకులో లోపం దాచినవాడు ఒక్కసారే అమ్ముకోగలడు. చెప్పేశాను.

"తొందరగా అయిపోతే మీరు వెళ్ళిపోతారని."

గొడుగు నీళ్ళు కొత్త చీరల మీద పడుతున్నా ఇద్దరమూ చూడలేదు.

"రాసివ్వండి," అంది చివరికి. "లెటర్‌హెడ్ మీద. స్టాంపుతో."

రాశాను. 'వినీలగారి అంకెలు నిజమైనవి. ఆమె వెళ్ళిపోకూడదని నేనే ముడి ఆలస్యం చేశాను. ఇట్లు, ధనుంజయ్.' కానీ స్టాంపు నాన్న దగ్గరుంటుంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు.

"ఒరేయ్, ఇది జీఎస్టీ నంబరున్న కాగితం. దీని మీద అబద్ధం ఉండకూడదు. నిజమేనా?"

"నిజమే నాన్నా."

"చౌడేశ్వరమ్మ బస్సు తప్పింది ఇందుకా?"

"ఆఁ."

ఆయన స్టాంపు వేశారు. అంత గట్టిగా వేయడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు సాయంత్రం ఆమె వచ్చింది. "ఒప్పుకున్నారండీ. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే మనిషి పని మారిపోద్దట, దాని మీదే ఓ చాప్టర్ రాయమన్నారు."

ఆమె తెచ్చిన రిపోర్టు తిరగేశాను. ముళ్ళ పట్టికలో ఆఖరి వరస నంబరు నూట పన్నెండు.

"అసలు ఎన్ని రీడింగులు కావాలండీ?"

"ముప్పై," అంది.

"అంటే నాలుగో రోజుకే అయిపోయుండాలి. అవసరానికి మించి సరుకెత్తే మనిషిని నేనింతవరకూ చూడలేదు. మిగతా ఎనభై రెండూ ఎందుకు?"

"ఆఖరి పేజీ చూడండి." తల వంచుకుంది.

చూశాను. 'సిఫార్సు: ఆనవాయితీ మార్చనక్కర్లేదు. చివరి ముడి దగ్గర ఇంటి మనిషి ఇంకొకరుంటే చాలు.'

నేను పైకే చదివానని నాన్న గల్లా దిగాక గానీ తెలియలేదు. ఆయన మా ఇద్దర్నీ చూశారు. ఉయ్యూరు వెళ్ళాల్సిన మూటను ముందుకు జరిపారు. తాడు తీసి వినీల చేతిలో పెట్టారు.

"ఊఁ, వెయ్యమ్మా."

ఆమె స్టాప్‌వాచ్ నాకిచ్చి, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, జాగ్రత్తగా ముడి బిగించింది.

"ఎంత పట్టిందండీ?"

స్టాప్‌వాచ్ చూసుకున్నాను. నొక్కడం మర్చిపోయాను.