చెప్పని మనవి

వెల్డా ఓవెన్‌లోంచి మెత్తటి రొట్టెల్లాంటి మజ్జిగ బిస్కట్ల పళ్లెం తీసి బల్ల మీద పెట్టింది. కొంచెం చప్పుడయ్యేలాగే పెట్టింది. గార్లండ్ తల ఎత్తలేదు. రోజూలాగే రెండు బిస్కట్లు విరిచి, మీద వేడి గ్రేవీ పోసుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. ఆ ప్రార్థన రోజూకంటే పొడుగ్గా సాగిందని వెల్డాకు అనిపించింది. నిన్న సాయంత్రం నుంచి మొగుడు ఏం చేసినా ఆమెకు ఏదో తేడాగానే కనిపిస్తోంది.

కారణం లేకపోలేదు. బుధవారం సాయంత్రం మా చర్చిలో ప్రార్థన కూటం ఉంటుంది. మనవులేమైనా ఉన్నాయా అని పాస్టరు బ్రదర్ హాస్కెల్ అడుగుతాడు. ఒకరు మోకాలి ఆపరేషన్ అంటారు, ఒకరు తాగుబోతు తమ్ముడంటారు. నోటితో చెప్పుకోలేనిది ఉన్నవాళ్లు ఊరికే చెయ్యెత్తుతారు. దాన్ని మేం చెప్పని మనవి అంటాం. అదేమిటని ఎవరూ అడగకూడదు. అడగరు కూడా, ఇంటికి పోయేదాకా ఆగి ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకుంటారు. టెనెసీ కొండల్లో ఇంత చిన్న ఊరికి అదొక కాలక్షేపం. నిన్న చెయ్యెత్తినవాడు గార్లండ్. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి అలా చెయ్యెత్తడం వెల్డా ఎప్పుడూ చూడలేదు.

"నిన్న చెయ్యెందుకు ఎత్తావు?"

"ప్రార్థన కోసం."

"అది నాకూ తెలుసు. దేని గురించని అడుగుతున్నా."

"చెప్పగలిగేదైతే నోటితోనే చెప్పేవాణ్ణిగా."

"నాకు కూడా చెప్పలేనిదా?"

గార్లండ్ కాఫీ కప్పు పక్కకు నెట్టాడు. "దేవుడికి చెప్పాను వెల్డా. కొన్నాళ్లు అక్కడే ఉండనీ" అని టోపీ తీసుకుని గడ్డి పొలం వైపు వెళ్లిపోయాడు.

దేవుడి దగ్గర ఉండనివ్వడం వెల్డాకు చేతకాని పని. మా సంఘంలో ప్రార్థన గొలుసు ఆమె చేతిలోంచే మొదలవుతుంది. ఎవరికైనా కష్టమొస్తే వెల్డాకు ఫోను చేస్తారు. ఆమె నోవలీన్‌కు చేస్తుంది, నోవలీన్ ఇంకొకరికి. పొయ్యి మీద నీళ్లు మరిగేలోపు ఊరంతా మోకాళ్ల మీద ఉంటుంది. మంచి మనసుతోనే చేస్తుంది, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. కాకపోతే ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

దానివల్లే కూతురు షెల్బీ దూరమైంది. రెండేళ్ల కింద షెల్బీ నెల తప్పిందని తల్లికే ముందు చెప్పింది. మొగుడు కోడీ లారీ డ్రైవరు, వారమంతా రోడ్ల మీదే ఉంటాడు. అతను ఇంటికొచ్చాక ఎదురుగా కూర్చుని చెప్పాలనుకుంది. వెల్డా సంతోషం పట్టలేక ప్రార్థన చేయండని గొలుసులో పెట్టేసింది. కోడీకి ఆ సంగతి పెట్రోలు బంకులో ఎవడో చెయ్యి కలిపి చెప్పాడు. తర్వాత కొద్ది రోజులకే కడుపు నిలవలేదు. అదీ గొలుసులోకి వెళ్లింది. షెల్బీ కూరగాయల కొట్టుకు పోతే ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు కావలించుకుని ఏడ్చారు. "నేను నీకు చెప్పానమ్మా, ఊరికి కాదు" అని నాక్స్‌విల్ పట్నానికి వెళ్లిపోయింది. అప్పట్నుంచి పండక్కి ఒక ఫోను, పుట్టినరోజుకి ఒక ఫోను. ప్రార్థన చేయమనడం కూడా తప్పేనా అని వెల్డా ఈనాటికీ అంటూనే ఉంది.

గిన్నెలు కడిగి వెల్డా వెనక వరండాలోకి వచ్చింది. అత్తగారు జ్యూయెల్ ఊగే కుర్చీలో కూర్చుని ఉంది. కోడలి అడుగుల చప్పుడు వినగానే ముసలామె ఒళ్లో ఉన్నదేదో గబుక్కున దుప్పటి కిందకు దూర్చింది. పసుప్పచ్చ ఊలు కొస ఒకటి బయటికి వేలాడుతూనే ఉంది.

"ఏంటత్తయ్యా అది?"

"ఏం లేదు. మోకాళ్లకు చలిగా ఉంటే దుప్పటి కప్పుకున్నా."

"జూన్ నెల్లోనా?"

"నా వయసొస్తే నీకూ తెలుస్తుంది జూన్ సంగతి."

"మీ అబ్బాయి ఏదో దాస్తున్నాడు. అదేంటో మీకు తెలుసు."

"నాకు తెలిసినవి చాలా ఉన్నాయి పిల్లా. అన్నీ చెప్తే నువ్వు వంట మానేసి ఫోను దగ్గర కూర్చుంటావు."

తల్లీకొడుకులు ఒకటయ్యారని వెల్డాకు అర్థమైపోయింది. తన ఇంట్లో తనే పరాయిదైనట్టుంది. శనివారం గార్లండ్ ట్రాక్టరు బెల్టు కోసమని పొద్దున్నే పోయి మధ్యాహ్నానికి వచ్చాడు. బెల్టు మాత్రం రాలేదు. దొరకలేదన్నాడు. అతను స్నానానికి వెళ్లగానే వెల్డా అతని పికప్ ట్రక్కు తుడిచే నెపంతో తలుపు తీసి చూసింది. పక్క సీటు బాగా వెనక్కి వాలి ఉంది, మనిషి పడుకునేటంతగా. సీటు మీద దిండు ఉంది. కింద అల్లం బిళ్లల కాగితాలు పడి ఉన్నాయి. దిండుకు ఒక పొడవాటి వెంట్రుక అంటుకుని ఉంది. ఎర్రగా ఉంది.

వెల్డా ఆ వెంట్రుకను కాగితం రుమాల్లో మడిచి ఏప్రాను జేబులో పెట్టుకుంది. సీటును కోపంగా నిటారుగా లాగి తలుపు వేసింది.

మర్నాడు ఆదివారపు బడిలో ఆడవాళ్ల తరగతికి ఆమే పాఠం చెప్పాలి. ఆ వారం పాఠం, అన్ని విషయాల్లోనూ దేవుణ్ణి నిండు మనసుతో నమ్మడం గురించి. "సొంత తెలివి మీద ఆనుకోకూడదమ్మా, పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఆయన మీద వదిలేయాలి" అని గంటసేపు చక్కగా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె కళ్లు కిటికీ పక్క కూర్చున్న రోండా జుట్టు మీదే ఉన్నాయి. రోండా భర్త పోయి ఏడాది దాటింది. పాటల బృందంలో పాడుతుంది. జుట్టు ఎర్రన.

తరగతి అయ్యాక రోండాయే వచ్చి వెల్డా చెయ్యి పట్టుకుంది. "మీ ఆయన లాంటి మనిషి ఉండడు వెల్డా. మొన్న మా ఇంటి నీళ్ల గొట్టం ఊడిపోతే పిలిచిన వెంటనే వచ్చి బాగుచేశాడు" అంది.

"అవునవును, ఈమధ్య పిలిస్తే చాలు వెళ్తున్నాడు" అంది వెల్డా.

సోమవారం గార్లండ్ మళ్లీ బయల్దేరాడు. ఎరువుల కొట్టుకన్నాడు. వెల్డా గంట ఆగి ఆ కొట్టుకు ఫోను చేసింది. గార్లండ్ ఇటువైపే రాలేదన్నారు. ఆమె ఫోను పట్టుకుని వంటింట్లో నిలబడింది. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంది, చీకట్లో ఎర్ర జుట్టు తప్ప ఇంకేం కనబడలేదు. కళ్లు తెరిచి నోవలీన్ నంబరు నొక్కింది.

"పేర్లొద్దు నోవలీన్. ప్రార్థన మాత్రమే. ఒక ఇంట్లో, ఒక భర్త గురించి."

"ఎవరింట్లో?"

"పేర్లొద్దన్నాగా."

"అలాగేలే, పేర్లు మనకెందుకు. గార్లండ్ కులాసానా?"

దాంతో వెల్డా ఏడ్చేసింది. ఇంక పేరు చెప్పేదేముంది. ఏడుపులో ట్రక్కు, సీటు, దిండు అన్నీ వచ్చేశాయి. ఎర్ర వెంట్రుక సంగతి కూడా నోరు జారింది.

మా ఊళ్లో ఒక ఇంటికి కష్టమొస్తే ముందు ప్రార్థన వెళ్తుంది, దాని వెనకే తిండి వెళ్తుంది. కోడిమాంసం నూడుల్స్, బీన్సు, చీజు వేసి కాల్చిన బంగాళాదుంపలు, అన్నీ లోతైన గాజు గిన్నెల్లో. గిన్నె తిరిగి రావాలి కాబట్టి అడుగున ఎవరి పేరు వాళ్లు అంటిస్తారు. మధ్యాహ్నం దాటేసరికి వెల్డా ముందు వరండా నిండా గాజు గిన్నెలే. లోపల సోఫాలో బ్రదర్ హాస్కెల్ బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన నోవలీన్ కళ్లొత్తుకుంటోంది. అప్పుడొచ్చాడు గార్లండ్. గిన్నెల మధ్య కాలు పెట్టే చోటు వెతుక్కుంటూ గుమ్మంలోకి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఎవరు పోయారు? అమ్మ ఏది?"

"నేనింకా పోలేదురా" అంది జ్యూయెల్ వెనక గదిలోంచి. "ముందు ఆ గిన్నెలు లోపల పెట్టించు, ఎండకు పాడైపోతాయి."

బ్రదర్ హాస్కెల్ గొంతు సవరించుకున్నాడు. "ఎవరూ పోలేదు గార్లండ్. శోధన అందరికీ వస్తుంది. నీతో కాస్త మాట్లాడదామని..."

గార్లండ్ భార్య వంక చూశాడు. వెల్డా చూపు తిప్పుకుంది. అతనికి విషయం అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. "బ్రదర్ హాస్కెల్, మా ఇంట్లో పాపం ఏమీ జరగలేదు. మీరు ఇంటికెళ్లి మాకోసం ప్రార్థించండి. దేని గురించని మాత్రం అడక్కండి" అని తలుపు తీసి పట్టుకున్నాడు. నోవలీన్ వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూసింది.

తలుపు పడగానే వెల్డా జేబులోంచి కాగితం రుమాలు తీసి బల్ల మీద విప్పింది. "ఇది ఎవరిది?"

"నీ కూతురిది."

"నా కూతురి జుట్టు గోధుమరంగు."

"ఉండేది. ఇప్పుడు ఎర్ర రంగేసుకుంది. నువ్వు దాన్ని చూసి ఎన్నాళ్లయింది?"

వెల్డా కుర్చీలో కూలబడింది. గార్లండ్ నిలబడే చెప్పాడు. "దానికి ఆరో నెల. మళ్లీ ఏమవుతుందోనని డాక్టరు మంచం దిగొద్దన్నాడు. కోడీ ఊళ్లో ఉండడు. ఆసుపత్రికి నేనే తీసుకెళ్తున్నా, దారంతా పడుకోబెట్టి. నీకు అబద్ధాలు చెప్పాను. అది నా తప్పే, నన్ను తిట్టు."

"నేను తల్లిని గార్లండ్. నాకెందుకు చెప్పలేదు?"

"ఎందుకో వరండాలో ఉంది చూడు."

వెల్డా కిటికీలోంచి చూసింది. నూడుల్స్ గిన్నెలు వరసగా ఎండలో మెరుస్తున్నాయి. అలాంటి గిన్నెలే ఒకప్పుడు షెల్బీ గుమ్మంలోనూ ఉన్నాయి.

"దానికి మాటిచ్చాను" అన్నాడు గార్లండ్. "బిడ్డ చేతికొచ్చేదాకా అమ్మకు తెలియకూడదంది. ఆ బరువు మోయలేక బుధవారం చెయ్యెత్తాను. మనుషులెవరికీ చెప్పలేనిది ఇంకెక్కడ దించుకోను?"

"నేనేం చెడు తలపెట్టాను? ప్రార్థన చేయించడం తప్పా?" అంది వెల్డా.

జ్యూయెల్ చేతికర్ర ఊతంతో వచ్చి బల్ల మీద ఒకటి పెట్టింది. పసుప్పచ్చ ఊలుతో అల్లిన బుల్లి టోపీ. ఇంకా అంచు పూర్తి కాలేదు. "తప్పు కాదు పిల్లా. కానీ నువ్వు ఆయనకు చెప్పి ఊరుకోలేవు. దేవుడికి చెవుడేమో అన్నట్టు ఊరందరిచేతా అరిపిస్తావు."

వెల్డాకు కోపం రావాలి, రాలేదు. ఆ టోపీని అరచేతిలో పెట్టుకుని చూసింది. నిన్ననేగా తరగతిలో అంత పాఠం చెప్పింది. ఆమె నమ్మింది దేవుణ్ణి కాదు, ఫోనును. అందరికీ తెలిసి, అందరూ వచ్చి కూర్చుని, ఏం కాదులే అని అంటుంటేనే ఆమెకు ధైర్యం. నాలుగు గోడల మధ్య ఒక్కర్తే ఒక్కమాట దేవుడి చేతిలో పెట్టి లేచి వచ్చిన రోజు ఆమెకు గుర్తురాలేదు. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. గార్లండ్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"దానికి ఇప్పుడే ఫోను చేస్తా" అంది కాసేపటికి.

"నేను ఆపను. నీ ఇష్టం."

వెల్డా ఫోను తీసుకుంది. చాలాసేపు పట్టుకుని, దాన్ని సొరుగులో పెట్టి మూసేసింది. పడకగదిలోకి వెళ్లి మంచం పక్కన మోకరించింది. ఏం అడగాలో మాటలు దొరకలేదు. "ప్రభువా, షెల్బీ" అని మాత్రం అనగలిగింది.

మర్నాడు గాజు గిన్నెలన్నీ కడిగి ఎవరివి వాళ్లకు తిరిగిచ్చింది. అడిగినవాళ్లందరితో తప్పు నాదే, మా ఆయన మంచివాడు అని చెప్పింది. రోండా ఇంటికి ఆఖరున వెళ్లింది. అక్కడ గుమ్మంలోనే క్షమాపణ అడిగింది. రోండా లోపలికి రమ్మనలేదు. చాలాసేపు చూసి, "నా గురించి కూడా గొలుసులో పెట్టావా వెల్డా" అని తలుపు వేసుకుంది. ఆ బాధ తను పడాల్సిందే అనుకుంది వెల్డా.

బుధవారం బ్రదర్ హాస్కెల్ మనవులు అడిగినప్పుడు వెల్డా చెయ్యెత్తింది. అందరూ ఆమె నోరు తెరుస్తుందని చూశారు. తెరవలేదు. కూటం అయ్యాక నోవలీన్ కారు దాకా వెంటబడింది.

"గొలుసులో పెట్టమంటావా? పేర్లు లేకుండా?"

"వద్దు నోవలీన్. చెప్పాల్సినవాడికి చెప్పాను."

"నాకు కూడా చెప్పవా?"

"నీకు చెప్తే ఆయనకు పనేం మిగులుతుంది" అని వెల్డా కారెక్కింది.

ఆ తర్వాతి రోజులు ఆమెకు కత్తి మీద సామే. గార్లండ్ ట్రక్కు వెళ్తుంటే వంటింటి కిటికీ దగ్గర నిలబడి దేవుడితో ఒక్కమాట అనుకునేది, మళ్లీ పిండి కలుపుకునేది. తిరిగొచ్చాక ఏమైందని అడగడానికి నోరు పీకేది. అతనే "బాగానే ఉంది" అంటే తల ఊపేది. అమ్మకు తెలిసిపోయిందని గార్లండ్ కూతురికి ఆ రోజే చెప్పేశాడు. అయితే ఈ వారంలోనే గిన్నెలొస్తాయిలే అందట షెల్బీ.

గిన్నెలు రాలేదు. ఆగస్టులో ఒక పొద్దున ఫోను మోగింది.

"అమ్మా, ఇంతవరకూ నన్నెవరూ ఏమీ అడగలేదు."

"ఊఁ."

"ఎవరికి చెప్పావు?"

"ఒక్కరికే."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. "నాకు భయంగా ఉందమ్మా. రేపు నాన్నతో రా. ఏమీ వండి తేకు."

మర్నాడు వెల్డా ట్రక్కు ఎక్కింది. ఒళ్లో అంచు పూర్తయిన పసుప్పచ్చ టోపీ తప్ప ఏమీ లేదు. పక్క సీటు వెనక్కి వాలి ఉంది. గార్లండ్ సరిచేయబోతే చెయ్యి అడ్డంపెట్టింది. "ఉండనీ" అని, కూతురు పడుకునే చోట వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. దారి కనబడలేదు. నాక్స్‌విల్ వచ్చేదాకా ఎక్కడిదాకా వచ్చామని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.