ఖాళీ విల్లాలో ఎర్ర కన్ను

మస్కట్ శివార్లలోని బౌషర్‌లో ఇసుక దిబ్బల పక్కన సగం కట్టి వదిలేసిన విల్లా ఒకటుండేది. చీకటి పడ్డాక దాని ముందునుంచి ఎవరూ నడిచేవారు కాదు. లోపల ఎవరో మగమనిషి వెక్కి వెక్కి ఏడుస్తాడని, చీకట్లో ఒకే ఒక్క ఎర్ర కన్ను వెలుగుతుందని చెప్పుకునేవారు. మా కంపెనీ క్యాంపు జనమైతే ఆ మాట మరీ గట్టిగా చెప్పేవారు. అంత గట్టిగా ఎందుకు చెప్పేవారో తర్వాత తెలిసింది.

తొంభై మూడులో ఆ దెయ్యం పని పట్టడానికి భానుతేజ వచ్చాడు.

మా అకౌంట్స్ మేనేజర్ సత్యనారాయణమూర్తిగారి భార్య మంగళగారికి అక్క కొడుకు. ఒంటరి యాత్రికుడు. చైనాలో కొత్తగా లేస్తున్న నగరాలన్నీ ఒక్కడే తిరిగి పుస్తకం రాస్తానని కాకినాడలో బయల్దేరి, సగం దారిలో మస్కట్‌లో దిగాడు. కాకినాడ నుంచి చైనాకి మస్కట్ మీదుగా దారేమిటని ఎవరూ అడగలేదు. పిన్నిగారి చేతి వంట బాగుంటుందని అందరికీ తెలుసు.

మనిషికి తోడంటే పడదు. కారిస్తానన్నా వద్దనేవాడు. "నగరాన్ని కాళ్లతో చదవాలి బాబాయ్" అనేవాడు. కొత్త ఫ్లైఓవర్లూ గాజు బ్యాంకులూ తిరిగొచ్చి, భోజనాల దగ్గర మా ఊరి గురించి మాకే చెప్పేవాడు. పదేళ్లుగా ఇక్కడ బతుకుతున్నవాళ్లం కదా, నోరు మూసుకుని వినేవాళ్లం.

విల్లా సంగతి మంగళగారే నోరు జారారు.

"అటు మాత్రం వెళ్లకు నాన్నా."

"దెయ్యాలు మనుషుల అజ్ఞానంలో ఉంటాయి పిన్నీ," అని నవ్వి, మర్నాడు రాత్రి ఇషా నమాజు అజాన్ అయ్యాక టార్చి, కెమెరా తీసుకుని ఒక్కడే బయల్దేరాడు.

ఇక ఇది ఆయన చెప్పింది కాదు, జరిగింది.

గేటు లేదు. ఇసుక గుమ్మం దాటి హాలు సగందాకా వచ్చి పడుంది. అడుగు వేస్తే చప్పుడు లేదు... కాస్త లోపలికి వెళ్లగానే టార్చి ఆరిపోయింది. చేత్తో కొట్టాడు — వెలగలేదు.

అప్పుడు వినిపించింది. లోపలి గదిలో ఎవరో ముక్కు ఎగబీలుస్తున్నారు.

భానుతేజ గోడకు అంటుకుపోయాడు. వెనక్కి వెళ్లిపోదామనుకున్నాడు. కానీ రాయబోయే వ్యాసానికి మొదటి వాక్యం అప్పటికే తయారైపోయింది. పాపం, ఆ వాక్యం కోసమే ఇంకో అడుగు వేసి, తలుపు లేని గుమ్మంలోంచి తొంగి చూశాడు.

కటిక చీకటి. నేలకు జానెడు ఎత్తున... ఎర్ర కన్ను. రెప్ప వేయడం లేదు.

దాని వెనకనుంచి గొంతు — ఏడ్చి ఏడ్చి తడిసిన గొంతు —

"మైఁ ఆతూఁ... మైఁచ్ ఆతూఁ..."

వస్తున్నా... నేనే వస్తున్నా...

భానుతేజకు వచ్చిన హిందీ అంతంతమాత్రం. ఆ ముక్క మాత్రం బాగా అర్థమైంది.

భానుతేజ పెట్టిన కేకకి దిబ్బల అవతల పడుకున్న ఒంటెలు లేచి నిలబడ్డాయంటారు. ఒక బూటు ఇసుకలో ఉండిపోయింది. రెండోది ఇంటిదాకా వచ్చింది.

నీళ్లు తాగి, ఊపిరి అందాక ఆయన చెప్పింది వేరు. ఎదురుగా నిలబడ్డాడట. "ఎవర్నువ్వు?" అని గద్దించాడట. కన్నే ముందు ఆరిపోయిందట. అదే వ్యాసంగా రాసి వారపత్రికకు పంపించాడు.

పొద్దున్నే మూర్తిగారి గుమ్మం ముందు ఆ బూటు శుభ్రంగా తుడిచి పెట్టి ఉంది. పెట్టింది ఖమరుద్దీన్ — మా కంపెనీ డ్రైవరు, కడప మనిషి. ఎయిర్‌పోర్టు నుంచి ఆ బూట్లనూ, వాటిలోని మనిషినీ తీసుకొచ్చింది ఆయనే. మర్యాదస్తుడు, ఎవరికీ ఏమీ చెప్పలేదు.

కొన్ని వారాలకు ఆ మర్యాద కుదరలేదు. క్యాసెట్ ఒకటి పట్టుకుని, ఏడుపు మొహంతో మూర్తిగారి హాల్లో నిలబడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఆ పొద్దు ఆడ ఉండింది దెయ్యం గాదు సార్, నేనే."

అప్పట్లో క్యాంపులో వాళ్లు ఇంటికి క్యాసెట్లో మాట్లాడి, ఊరెళ్లేవాడి చేతికిచ్చి పంపేవారు. రూముకి ఎనిమిది మంది. భార్యతో ఒక మంచి మాట చెబుదామంటే పక్క మంచం వాడు దగ్గుతాడు, పై మంచం వాడు తన సలాం కూడా చెప్పమంటాడు. నాతో మాట్లాడుతున్నావా, డ్యూటీ సంగతులు అప్పజెబుతున్నావా అని ఖమరుద్దీన్ భార్య రషీదున్నీసా అలిగింది. ఈసారీ ఇలాగే ఐతే పుట్టింటికి పోతానంది. అందుకని ఖమరుద్దీన్ టేప్‌రికార్డర్ తీసుకుని విల్లాకి వెళ్లి, దాని ఎర్ర లైటు ముందు కూర్చుని మనసారా ఏడ్చాడు. అంతకుముందు ఏడ్చిందీ క్యాంపు మొగుళ్లే. అటు ఎవరూ రాకుండా దెయ్యం మాట పుట్టించిందీ వాళ్లే.

"క్యాసెట్ తీస్కపొయ్యే తారిఖ్ విమానానికి పోతా ఉండె. మళ్లా ఇనే టైం ల్యాకపాయ, అట్లే పంపిస్తి. ఇంగ మీరే ఇనండి సార్."

ఆమె జవాబు టేపు పెట్టాడు. రషీదున్నీసా ఉర్దూలో అన్నదాన్ని నేను తెలుగులో చెబుతున్నాను. "ఖాళీ ఇల్లన్నావు. ఒక్కడినే ఉన్నానన్నావు. మరి ఆ ఆడమనిషి ఎవరు? పెట్టె సర్దిపెట్టుకున్నా. జవాబు రానీ."

అందరం భానుతేజ వైపు చూశాం. కేక అంత సన్నగా వచ్చిందన్నమాట.

"నేనసలు అరవనే లేదు," అన్నాడాయన. వ్యాసం అప్పటికే అచ్చయింది మరి.

"నా సంసారం సార్..." అన్నాడు ఖమరుద్దీన్.

మంగళగారికి ఒళ్లు మండిపోయింది. "ఆయన కాపురం కూలిపోతుంటే నీకు నీ వ్యాసం ముఖ్యమా? అరవరా!"

అరిచాడు. సోఫాలో కూర్చుని, టేప్‌రికార్డర్‌కి మొహం ఆనించి, కష్టపడి అదే కేక మళ్లీ పెట్టాడు. ఆ రోజు అరిచింది నేనేనమ్మా, మగవాణ్ణే అని సాక్ష్యం కూడా చెప్పాడు. మేం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. ఖమరుద్దీన్ ఆ క్యాసెట్‌ని కళ్లకద్దుకుని తీసుకెళ్లాడు. ఆ వారమే భానుతేజ చైనా దారి పట్టాడు.

జవాబు రావడానికి నెల పట్టింది. ఒక్కడినే వినలేనని ఖమరుద్దీన్ దాన్ని మూర్తిగారింటికే తెచ్చాడు. ఈసారి రషీదున్నీసా గొంతులో కోపం లేదు. పక్కన ఎవరైనా వింటారేమో అన్నట్టు చాలా మెల్లగా మాట్లాడింది.

"ఆయన కేక విన్నాను. అది మగాయన కేకేనని నాకు ముందే తెలుసు. నేనడిగింది దాని గురించి కాదు... ఆయన పారిపోయాక, నువ్వు 'యా అల్లా' అని నిట్టూర్చాక... నీ పక్కనే ఒకామె నవ్వింది. 'ఆపావేం, ఇంకా మాట్లాడు' అంది. ఆమె ఎవరు?"