రెండు వేళ్ళ రింగు

అద్దంలో రెండు లైట్లు.

ఇందాక చుక్కల్లా ఉన్నాయి... ఇప్పుడు కళ్ళలా ఉన్నాయి!

ఆమె యాక్సిలరేటర్ అదుముతుంది. బుడంకాయ ఓసారి దగ్గి, ముక్కెత్తి, కొండ మలుపులోకి దూకుతుంది.

బుడంకాయ అంటే కారు. ఎర్రది. ఇటలీలో పుట్టింది. వయసు ఆమెకు రెట్టింపు, ఎత్తు ఆమె నడుం దాకా. రెండే సీట్లు. మూడో మనిషి ఎక్కాలంటే ఒకరు దిగాల్సిందే!

వెనక జీపు. జీపులో మరిది.

"వదినా...! ఆగు వదినా!"

హారన్ మోగుతోంది. లైట్లు ఆరి వెలుగుతున్నాయి.

ఆగితే చచ్చినట్టే!

చెక్క స్టీరింగు అరచేతుల్లో వణుకుతోంది. ఎన్నిసార్లు తుడిచింది ఈ చెక్కని! మామయ్య ఒక పక్క, తను ఒక పక్క. తోలు సీట్ల వాసన, పెట్రోల్ వాసన కలిసి బట్టలకి పట్టేసేవి. "ఒంటికి ఇంత సెంటు దేనికి కొట్టావే?" అనేది ఫ్రెండు. "బుడంకాయ సెంటు" అని నవ్వేది తను.

అత్తింట్లో అడుగుపెట్టిన రోజు అందరూ కొత్త కోడల్ని చూస్తుంటే, కొత్త కోడలు షెడ్డులో కారుని చూసింది.

"మామయ్యా! ఇది నిజంగా నడుస్తుందా?"

ముసలాయన మొహం చేటంత అయింది.

"ఈ బండి ఉన్నవాడికి రోజుకి రెండు పండగలమ్మాయ్! పొద్దున స్టార్టయితే ఒకటి. సాయంత్రం ఇంటికి చేరితే రెండోది."

ఆ రోజు నుంచి ఆయనే గురువు. గేరు ఎలా జార్చాలో చెప్పాడు. ఏ చప్పుడు ఆకలో, ఏ చప్పుడు అలకో చెప్పాడు. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బస్సులోంచి పిల్లలు చేతులూపేవాళ్ళు. ఇద్దరూ రాజదంపతుల్లా... కాదు, రాజుగారూ ఆయన మనవరాలిలా తిరిగి చేతులూపేవాళ్ళు!

ఒక్క విషయంలో మాత్రం ముసలాయన నవ్వేవాడు కాదు.

"వేడి మీద ఇంజన్ ఆపితే ఇది మళ్ళీ స్టార్ట్ కాదు. చల్లారేదాకా బతిమాలినా వినదు. అందుకే ఎక్కడ ఆపినా పల్లానికి మూతి పెట్టి ఆపు. బ్రేకు వదిలితే దొర్లుతుంది, సెకండ్ గేర్లో క్లచ్ వదిలితే అందుకుంటుంది. చదునులో మాత్రం... ఎప్పుడూ ఆపకు."

ఎందుకని అడిగితే మాట మార్చేవాడు.

నెల క్రితం ఆ మామయ్య చెరువులో తేలాడు. పొద్దున్నే కారులో షికారుకి వెళ్ళి, కాలు జారి పడిపోయాడన్నారు. అందరూ నమ్మారు. తనూ నమ్మింది.

ఇవాళ సాయంత్రం దాకా!

మరిది ఫోనులో పాత ఫొటోలు తిప్పి ఆమెకి చూపిస్తూ ఒకచోట ఆగిపోయాడు. ఆ రోజు చెరువు గట్టు. జనం. పక్కన బుడంకాయ.

చదును నేల మీద!

మామయ్య అక్కడ ఆపడు. చచ్చినా ఆపడు. ఆ రోజు కారు నడిపింది ఇంకెవరో!

గదిలోకి పరిగెత్తి భర్తకి ఫోన్ చేసింది. అతను బ్యాంకులో సెక్యూరిటీ ఆఫీసరు. నడుముకి ఎప్పుడూ పిస్టల్ ఉంటుంది. అది పక్కనుంటే ఎంత ధైర్యంగా నిద్రపట్టేదో తనకి!

"బావా... మామయ్య కాలు జారలేదు. ఎవరో..."

అంతా విన్నాడు.

"ఆ రోజు తమ్ముడు ఇంట్లో లేడు, గుర్తుందా?" అన్నాడు మెల్లగా. "బుజ్జీ, ఒక్క క్షణం కూడా అక్కడుండకు. బండి తీసుకుని కొండ మీదికి రా. మూసేసిన పెట్రోల్ బంకు దగ్గరుంటా."

ఆమె కారు తీయగానే మరిది జీపు తీశాడు.

ఇంకేం కావాలి సాక్ష్యం?

అదిగో బంకు!

తుప్పు పట్టిన రేకుల కింద ఒక మనిషి. బావ! ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

బ్రేక్! ఇంజన్ ఆపలేదు.

"జరుగు!" అంటూ తలుపు లాగాడు. ఆమె పక్క సీట్లోకి దొర్లింది. అతను పొడుగు. మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి.

"బావా, నీకిది నడపడం రాదుగా! నేనే..."

"ప్రాణం మీదికొస్తే అన్నీ వస్తాయ్. గట్టిగా పట్టుకో!"

కారు ఎగిరింది!

మలుపు. ఇంకో మలుపు. టైర్లు కీచుమన్నాయి. జీపు లైట్లు వెనకబడ్డాయి.

ఇంత భయంలోనూ ఆమెకి నవ్వొచ్చింది. పెళ్ళయినప్పటి నుంచి బతిమాలింది. ఒక్కసారి రా బావా, మనిద్దరం, పైన గుడ్డ హుడ్ తీసేసి, సముద్రం దాకా... 'ఆ డొక్కులో నేను కూర్చోను' అనేవాడు. షెడ్డు గడప కూడా తొక్కేవాడు కాదు.

ఇప్పుడు పక్కనే ఉన్నాడు. గాలికి జుట్టు ఎగురుతోంది. ఎంత బాగా నడుపుతున్నాడు!

కొంత దూరంలో రాళ్ళ క్వారీ దారి. చటుక్కున అందులోకి తిప్పాడు. లైట్లు ఆర్పేశాడు.

చీకటి.

"ఊపిరి బిగపట్టు" అన్నాడు.

జీపు రొద చేస్తూ వెనక రోడ్డు మీదుగా దూసుకుపోయింది. పైకి... ఇంకా పైకి... వెళ్ళిపోయింది!

"అబ్బ!" ఆమె అతని భుజం మీద తల వాల్చింది. "నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్ని?"

అతని ఎడం కాలు క్లచ్ మీద. చెయ్యి గేరు కర్ర మీద.

ఆ కటిక చీకట్లో... తడుముకోకుండా... రెండు వేళ్ళతో గేరు గుండు కింద రింగుని పైకి లాగాడు.

టక్.

రివర్స్ పడింది. కారు మెల్లగా వెనక్కి, రోడ్డు మీదికి వచ్చి, దిగువకి తిరిగింది.

ఆమె తల అతని భుజం మీదే ఉంది.

ఒళ్ళు మాత్రం మంచుగడ్డ అయిపోయింది!

ఆ రింగు... పాతది విరిగిపోతే మామయ్య సైకిలు బెల్లు ముక్కని అరగదీసి పెట్టాడు. తనే టార్చ్ పట్టుకుంది. "లాగకుండా ఎంత తోసినా రివర్స్ పడదమ్మాయ్. దొంగోడు ముందుకే పోవాలి, షెడ్డులోంచి బయటికి రాలేడు!" అని కిలకిలా నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే మామయ్య పోయాడు.

రింగు సంగతి మామయ్యకి తెలుసు. తనకి తెలుసు. మూడో మనిషి...

ఆ రోజు షెడ్డులోంచి కారు బయటికి తీసినవాడు!

"బావా..."

"ఊఁ."

"రివర్స్ ఎప్పుడు నేర్చుకున్నావ్?"

అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అంతే. మళ్ళీ గేరు మార్చాడు. నాలుగు మలుపులు దిగి, లోయ చూసే చోట పక్కకి తిప్పాడు. పగలైతే జనం ఫొటోలు తీసుకునే చోటు. చదును నేల. పిట్టగోడ ఒక మూల కూలి ఉంది.

ఇంజన్ ఆపేశాడు.

నిశ్శబ్దం. వేడి రేకు టిక్ టిక్‌మంటోంది.

"చదువుకున్న పెళ్ళాం వద్దురా అంటే విన్నానా!" అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి తెలియదు.

"ఎందుకు బావా? కన్నతండ్రిని..."

"అమ్మ ఎలా పోయిందో నీకెవరైనా చెప్పారా?"

"గుండెనొప్పి..."

"ఇందులో పోయింది. నువ్వు కూర్చున్న సీట్లో!" స్టీరింగుని గుద్దాడు. "అంబులెన్స్ పిలుద్దామన్నాను. నా బండి అంతకంటే ముందెళ్తుందన్నాడు. దారిలో మందులషాపు దగ్గర ఆపాడు. చదునులో. వేడి మీద. మళ్ళీ స్టార్ట్ కాలేదు! నేను చిన్నోణ్ణి. వెనకనుంచి ఒక్కణ్ణే తోశాను... కదల్లేదు. అమ్మ నన్నే చూస్తూ పోయింది."

చదునులో మాత్రం ఎప్పుడూ ఆపకు. మామయ్య నవ్వని మాట. అదా కారణం...

"మర్నాడు ఏం చేశాడో తెలుసా? మళ్ళీ దీన్నే తుడిచాడు! నెల క్రితం, ఆ రోజు పొద్దున అడిగాను. దీన్ని తుక్కుకి వేసేద్దాం నాన్నా అని. 'ఒక్కసారి నడిపి చూడరా, తర్వాత మాట్లాడు' అన్నాడు. పక్కన కూర్చుని రింగు చూపించాడు. ఎంత మురిసిపోయాడో! పెద్దోడు బండి నడుపుతున్నాడని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గట్టు మీద దిగాక కూడా చెయ్యి దీని మీదే వేసి నిమురుతున్నాడు. అమ్మ తలని ఒక్కసారి నిమరలేదు బుజ్జీ ఆ మనిషి!"

"తోసేశావా?"

"తోసేశాను."

కింద పిట్ట కూడా అరవడం లేదు.

"నేనెవరికీ చెప్పను బావా."

"చెప్తావ్. నువ్వు మంచిదానివి. అదే వచ్చిన చిక్కు."

పిస్టల్ బయటికొచ్చింది!

"స్టీరింగు ముందు కూర్చో. తాళం దానికే ఉండనీ, పోలీసులకి లెక్క సరిపోవాలిగా. పిచ్చి బండి, కొత్త డ్రైవరు, కొండ మలుపు... అందరూ ముందే అనుకున్నదే!"

ఆమె జరిగి కూర్చుంది. ముందు ముప్పై అడుగుల్లో కూలిన గోడ. దాని అవతల ఏమీ లేదు.

అతను వెనక్కి వెళ్ళాడు. పిస్టల్ నడుముకి దోపుకున్నాడు. రెండు చేతులూ కారుకి ఆనించాడు.

"అప్పుడు నాకు బలం సరిపోలేదు" అన్నాడు గొణుగుతున్నట్టు. "ఇప్పుడు సరిపోతుంది."

తోశాడు!

కారు కదిలింది. మెల్లగా... ఇంకొంచెం... ఇంకొంచెం...

తోస్తున్నాడు!

వేడి మీద ఆగిన బుడంకాయని వెనకనుంచి తోస్తున్నాడు!

ఆమె వేళ్ళు తాళం తిప్పాయి. కాలు క్లచ్ నొక్కింది. చెయ్యి సెకండ్ గేరు వేసింది.

గోడ! గోడ!

క్లచ్ వదిలింది!

ఢమ్మని సైలెన్సర్ తేన్చింది. ఇంజన్ అందుకుంది! స్టీరింగు పూర్తిగా తిప్పింది. వెనక చక్రం గాలిలో ఒక రాయిని తన్ని... రోడ్డు మీద పడింది!

"ఏయ్! ఆగు!"

ముందు పల్లం. దిగువన ఊరి దీపాలు. బండిని పల్లానికి వదిలేస్తే చాలు, ఇంటికి చేరిపోతుంది.

రెండో పండగ.

అద్దంలో వెలుగు పడింది. జీపు! పైనుంచి తిరిగొచ్చింది! కీచుమని ఆగింది. మరిది దూకాడు. ఖాళీ చేతులు.

"అన్నయ్యా! వదిన ఎక్కడ? ఫొటో చూసి వదిన మొహం ఎందుకలా అయిపోయింది? ఏం చేశావ్రా వదినని?"

వెర్రిబాగులోడు! ఆ గొంతులో ఉన్నది కోపం కాదు, భయం. ఇంతసేపూ తరమలేదు... కాపలాగా వచ్చాడు!

బావ చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళింది.

పైకి లేచింది.

తమ్ముడి గుండెకి గురిగా!

ఆమె బ్రేక్ తొక్కింది. ఇంజన్ ఆపలేదు.

బావా. మనిద్దరం, హుడ్ తీసేసి, సముద్రం దాకా అనుకున్నాను కదా.

రెండు వేళ్ళు. రింగు పైకి.

టక్.

ఎర్ర కారు బతుకులో ఎన్నడూ లేనంత వేగంగా వెనక్కి దూసుకుపోయింది. వెనక అద్దంలో అతను గిరుక్కున తిరిగాడు. ఆ మొహం... మందులషాపు దగ్గర నిలబడ్డ పిల్లాడి మొహం.

పిస్టల్ ఇటు తిరిగింది.

ఢాం!

అద్దం పగిలింది.

బుడంకాయ మాత్రం ఆగలేదు.