వీపు మీద అరచెయ్యి

మేదిని వీపు మీద ఎవరిదో అరచెయ్యి ఆనింది. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. ల్యాబ్ ఆ చివర, నిటారుగా నిలబడటం నేర్పే చంపకవల్లి టీచర్ సెన్సర్లున్న గ్లవ్ తొడుక్కుని గాలిలో చెయ్యి నొక్కుతోంది.

"కంగారుపడకమ్మా, నేనే," అందావిడ.

యంత్రం సంగతి ఇంతే. టీచర్ చేతి ఒత్తిడి మేదిని తొడుక్కున్న వెస్ట్‌లోని గాలి తిత్తులకు చేరుతుంది. ఆ తాకిడిని వెస్ట్ గుర్తుపెట్టుకుంటుంది. పాఠం అయ్యాక ఇంట్లోనో వీధిలోనో మనిషి వంగితే చాలు, అదే చెయ్యి అక్కడే ఆనుతుంది. దీన్ని కనిపెట్టిన డాక్టర్ భార్గవరాం, నడుం నొప్పి నడుంలోనే ఉంటుందని నమ్మే రకం.

మేదిని విశాఖ నుంచి భీమిలికి సముద్రం కింద రైలు నడుపుతుంది. ఫిట్‌నెస్ పరీక్షలో ఈ వంగిన వెన్నుతో తప్పిందంటే రైలు దిగి టికెట్ కౌంటర్లో కూర్చోవాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు ఒళ్ళు మండేది.

పాఠాలు బాగానే సాగాయి. రైలు క్యాబిన్లో ఉన్నంతసేపూ వెన్ను గ్రాఫ్ గీత గీసినట్టు నిటారు. ఇంటికెళ్ళగానే కొడవలి. డాక్టర్ సెన్సర్లు మార్చాడు, వెస్ట్ మార్చాడు, కొడవలి మారలేదు. చివరికి టీచరే అడిగింది.

"మీ ఆయన ఎత్తెంతమ్మా?"

మేదిని నవ్వేసింది. పెళ్ళిచూపులనాడు మేనత్త చెవిలో ఊదింది, అబ్బాయి నీకంటే పొట్టి, కాస్త వంగి నడువు అని. పెళ్ళి ఫొటోలోనూ పట్టుచీర చాటున మోకాళ్ళు వంచే నిలబడింది. ఆ పూటకని చెప్పిన మాటకు వెన్నెముక జీవితాంతం కట్టుబడిపోయింది.

"ఈసారి చెయ్యి ఆనిందంటే నేను పక్కనున్నాననుకో," అంది టీచర్.

ఆ సాయంత్రం మేదిని నిటారుగా నిలబడి మొగుడికి కాఫీ అందించింది. కోదండపాణి పెళ్ళాం మొహం కోసం తలెత్తాల్సి వచ్చింది. కాఫీ గ్లాసులోనే చల్లారిపోయింది.

ఆమె పరీక్ష నెగ్గింది. మర్నాడే అతను ఆమెను వెంటబెట్టుకుని ల్యాబ్‌కు వచ్చాడు. మీ మిషను మా ఆవిడను సాగదీసింది, నన్నూ అంతే సాగదీయమన్నాడు. ఇది సాగదీసేది కాదు బాబూ, సరిచేసేదని డాక్టర్ ఎంత మొత్తుకున్నా వినలేదు. వెస్ట్ తొడిగించుకుని మేదిని పక్కన ఠీవిగా నిలబడ్డాడు.

టీచర్ అతని చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. గ్లవ్ ఉన్న చేతిని గాలిలో ఎత్తి మెల్లగా కిందికి నొక్కింది. అతని భుజాలు దిగాయి, ఆ వెనకే మడమలు నేలకు ఆనాయి. మనిషి ఇంకో రెండు వేళ్ళు తగ్గాడు.

పెళ్ళిచూపులనాడు అతని మేనమామ కూడా చెవిలో ఊదాడట, పిల్ల పొడుగు, మునివేళ్ళ మీద నిలబడు అని. పెళ్ళాం పక్కనున్నప్పుడల్లా అతను ఆ మునివేళ్ళు దిగలేదు. పిక్కల నొప్పికి రాయని తైలం లేదు.

డాక్టర్ కొలత టేపు జేబులో దాచేసుకున్నాడు.

"ఇప్పుడు నొప్పుందాండీ?" అడిగింది మేదిని.

పాణి మడమలు అటూ ఇటూ కదిపి చూసుకున్నాడు. "లేదే," అన్నాడు, తనకే నమ్మకం లేనట్టు. "మరి హాల్లో ఆ పెళ్ళి ఫొటో తీసేద్దామా?"

"ఉండనివ్వండి. వాళ్ళెవరో గానీ, జంట బాగుంది."